పదమూడో బండి ఎడమ తలుపు

హిసానో ఏ కొలువులోనూ ఏడాది నిలవలేదు.

హిరత్సుకలో వాళ్ళది మూడు తరాలుగా దారుమ అనే గుండ్రటి కాగితపు బొమ్మలు చేసే ఇల్లు. కొయ్య అచ్చు మీద తడి కాగితం పొరలు పొరలుగా అతికించడం, ఎండబెట్టడం, వీపు కోసి అచ్చు బయటికి లాగడం, మళ్ళీ అతికించి ఎర్రరంగు పూయడం. ఐదో ఏటి నుంచి ఆమె చేతులు చేసింది అదే. పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పెళ్ళి మాటలు కూడా అప్పటికి మొదలు కాలేదు. ఓ పొద్దున్న పెరట్లో ఆరుతున్న రెండు వందల బొమ్మలకేసి చూస్తూ ఉండగా కాళ్ళు ఊరుకోలేదు. అంతే.

ఆ తర్వాత పదేళ్ళలో చేయని పని లేదు. బస్సు కండక్టరుగా టికెట్లు కొట్టింది. మిసాకి రేవులో చేపల డబ్బాలకి మూతలు పెట్టింది. యొకొసుకలో అమెరికా సిపాయిల చొక్కాలు ఇస్త్రీ చేసింది. సినిమా హాలు ముందు నిలబడింది. ఎక్కడా గొడవ పడి రాలేదు. పని చక్కగా వచ్చేది, పైవాళ్ళు మెచ్చుకునేవారు, సరిగ్గా అప్పుడే లోపల ఏదో కదలడం మొదలయ్యేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. మరో పదిహేను రోజుల్లో బట్టల మూట కట్టేది.

"నీకు పెళ్ళి చేస్తే పెళ్ళికొడుక్కి నీ చిరునామా ఎవరు చెబుతారే?" అని అన్న ఎయిసాకు కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వుతూనే గోడ గడియారం చూసుకునేది.

షోవా ముప్పై నాలుగో ఏడు, అంటే 1959లో, యువరాజుగారి పెళ్ళి చూడటానికని ఊరంతా టీవీ ఉన్న ఇళ్ళ వెంట పడిన ఆ వసంతంలో, హిసానో త్సురుమి కాలవ గట్టున ఒగుమా అనే ఆయన షెడ్డులో పనికి చేరింది. అప్పటిదాకా ఆ షెడ్డులో గాజుపీచూ జిగురూ కలిపి ఇంటి కప్పుల రేకులు పోసేవారు. పచ్చరంగువి, వెలుతురు దిగే రేకులు. ఇప్పుడు ఒక పెద్ద మోటారు కంపెనీ నుంచి కొత్త పని వచ్చింది.

ఒగుమా పొట్టివాడు, లావుపాటి మెడ. ఆమె ఇచ్చిన కాగితం పైనుంచి కిందిదాకా చదివి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇదేంటమ్మాయ్, ఇన్ని చోట్ల చేశావు? ఇది నీ చరిత్రా, రైలు టైంటేబులా?"

"రెండూ ఒకటేనండి మేస్త్రిగారూ."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఎన్నాళ్ళుంటావు మరి?"

"తెలీదండి."

"అబద్ధమాడలేదు, సంతోషం. చూడు, కంపెనీవాళ్ళు ఇరవై బండ్లకి ఒళ్ళు కావాలన్నారు. ఆటల బండి. టాపు ఉండదు, ఇంత ఎత్తు కూడా ఉండదు," అని తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "ఇనప రేకుతో కొట్టాలంటే పెద్ద పెద్ద అచ్చులు చేయించాలి. జనం కొంటారో లేదో తెలీకుండా అంత ఖర్చు పెట్టరు గదా. అందుకని ముందు మనతో గాజుపీచుతో పోయించుకుని చూస్తారట. ఇరవయ్యోది గుమ్మం దాటేదాకా ఉండు. ఆ తర్వాత నీ ఇష్టం, చంద్రలోకానికే పో."

ఉంటానని ఆమె అనలేదు, ఉండనని కూడా అనలేదు.

షెడ్డులో అడుగుపెడితే జిగురు వాసన ముక్కుని పట్టుకుని తలలోకి లాగేది. మధ్యలో బోర్లించిన పడవలా బండి అచ్చు. దానికి మైనం రుద్ది, గాజుపీచు చాప పరిచి, జిగురులో గట్టిపరిచే మందు చుక్కలు కలిపి బ్రష్షుతో తడిపి, చిన్న రోలరుతో గాలి తోలేయాలి. ఒక పొర ఆరీ ఆరకముందే రెండోది. పనివాళ్ళు ఆరుగురు. వాళ్ళందరికీ పెద్ద తామెకిచి, అరవై దాటిన పడవల వడ్రంగి. కొయ్య పడవలకి గిరాకీ పడిపోయి ఇటు వచ్చినవాడు. గాజుపీచుని రోజూ ఒకసారైనా తిట్టనిదే అతనికి అన్నం సయించేది కాదు.

"కొయ్యకి నరం ఉంటుంది, ముడి ఉంటుంది. చెప్పిన మాట వింటుంది. ఇదేంటి? పిశాచం వెంట్రుకలు!"

మొదటి రెండు ఒళ్ళూ పాడయ్యాయి. చాప ముక్కల్ని కత్తెరతో చక్కగా కత్తిరించి అతికిస్తున్నారు, ఆ అంచుల దగ్గర గాలిబుడగలు నిలిచి, ఆరాక గీత పడుతోంది. గీతలోంచి పగులు వస్తోంది. మూడోది మొదలెట్టిన రోజు హిసానో కత్తెర పక్కన పడేసి చాపని చేత్తో చింపింది. అంచు బొచ్చుబొచ్చుగా ఊడింది.

"ఏం పిల్లా, కత్తెర కనపడలేదా?" అన్నాడు తామెకిచి.

"కోస్తే అంచు మెట్టు కడుతుంది తాతా. చింపితే పల్చబడి పక్కదాంట్లో కలిసిపోతుంది. మా ఇంట్లో కాగితం ఎప్పుడూ చింపే అతికిస్తాం."

"మీ ఇంట్లో చేసేది బొమ్మలు. ఇది బండి."

"ఇది కూడా బొమ్మే గదా తాతా. కాస్త పెద్దది."

ముసలాడు మూలిగాడు గాని అడ్డం పడలేదు. మర్నాడు ఒంటిని అచ్చులోంచి ఊడదీశాక చేత్తో తడిమి చూశాడు. ముక్క ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వేలికి తెలియలేదు. ఆయన తన కత్తెర తీసుకెళ్ళి పెట్టెలో వేసేశాడు. ఆ రోజు నుంచి అందరూ చింపడమే.

పని బాగుంది, ఆమె ఒంటికి మాత్రం నరకం. గాజుపీచు కంటికి కనపడదు. మెడ మీద, మోచేతి మడతల్లో, నడుం పట్టీ కింద దూరి గుచ్చుతూనే ఉంటుంది. గోకితే మరీ లోపలికి పోతుంది. వేణ్ణీళ్ళు తగిలితే చర్మం తెరుచుకుని ఇంకా మంట. ఊరుమ్మడి స్నానశాలలో నాలుగో రోజునే రభస అయింది. ఆమె దిగిన తొట్టెలో దిగిన ఆడవాళ్ళంతా బయటికొచ్చి పరపరా గోక్కోవడం మొదలెట్టారు.

"ఏమ్మా, నీళ్ళలో ఏం కలిపావు?" అని ఓ లావుపాటి ఆవిడ గద్దించింది.

"ఏమీ కలపలేదండి, నేనే కలిశాను," అంది హిసానో.

స్నానశాల యజమానురాలు మర్నాటి నుంచి ఆమెని అందరికన్నా ఆఖర్న రమ్మంది. ముందు బయటే చన్నీళ్ళు నాలుగు బక్కెట్లు గుమ్మరించుకుని రావాలని షరతు. ఆమె ఒప్పుకుంది. చన్నీళ్ళు పడ్డప్పుడు రెండు నిమిషాలు దురద తగ్గేది. మళ్ళీ మొదలు.

కంపెనీ తరఫున వారానికోసారి సెనో అనే ఇంజనీరు వచ్చేవాడు. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండేవాడు. ముప్పై ఐదు ఏళ్ళుంటాయి. మాట మెత్తన, కొలత మాత్రం కఠినం. వంగి, పడుకుని, వేలి కణుపుతో ఒళ్ళంతా టకటక కొట్టి వినేవాడు.

"ఎనిమిదో బండి తలుపు తొమ్మిదోదానికి పట్టడం లేదేమండీ?" అన్నాడొక రోజు.

తామెకిచి పొగాకు గొట్టం నోట్లోంచి తీశాడు. "అన్నదమ్ములిద్దరికీ ఒకే చొక్కా పడుతుందా బాబూ?"

"పట్టాలి. వాటిని కొనేవాళ్ళు చొక్కాలు కొనడం లేదు."

"అయితే తొమ్మిదోదాని తలుపు తొమ్మిదోదానికే పెట్టండి. తల్లి ఎవరి బట్టలు వాళ్ళకే కట్టదూ?"

సెనో నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. ఆఖరికి అలాగే జరిగింది. ప్రతి తలుపు లోపలివైపునా దాని బండి నంబరు పెన్సిలుతో రాయడం మొదలెట్టారు. రాసేది హిసానో.

పదకొండో బండి దాటాక వానలు పట్టుకున్నాయి. కాలవ మీదనుంచి ముసురు లోపలికి వచ్చి జిగురు ఆరకుండా రోజుల తరబడి బంకబంకగా ఉండిపోయింది. ఒగుమా షెడ్డులో బొగ్గుల కుంపట్లు పెట్టించబోతే తామెకిచి గోల చేశాడు. "ఆ వాసన నిప్పుకి తగిలితే మనమంతా ఒకేసారి బుద్ధుడి దగ్గరికే!" దాంతో ఒగుమా గట్టిపరిచే మందు మోతాదు పెంచాడు. పని నత్తనడక నడిచింది. ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేదు, హిసానోకి చేతకానిది అదొక్కటే.

ఆ రోజుల్లోనే పేపర్లో ఓ ప్రకటన చూసింది. కోబె రేవులో ప్రయాణికుల ఓడల మీద పనికి ఆడవాళ్ళు కావాలట. కత్తిరించి రొమ్ముజేబులో పెట్టుకుంది. పని చేస్తున్నంతసేపూ ఆ కాగితం చప్పుడు చేస్తూనే ఉంది. ఓడ మీద నిలబడ్డట్టూ, ఇటు ఒక దీవి పోగానే అటు ఒక దీవి వస్తున్నట్టూ ఊహించుకునేది. తామెకిచి రెండుసార్లు పిలిస్తే గాని పలికేది కాదు.

పదమూడో ఒంటికి లోపలి పొరలు వేస్తున్న రోజు, తొమ్మిది రోజుల ముసురు విడిపోయి హఠాత్తుగా ఎండ కాసింది. ఒక్క గంటలో షెడ్డు కొలిమిలా అయింది. పెంచిన మందు మోతాదు తగ్గించడం ఎవరికీ తట్టలేదు. హిసానో ఎడమ తలుపు బందులు బిగించే గుంజ దగ్గర కూర్చుని ఉంది. అక్కడ ఆరు పొరలు పడాలి. మూడు వేసింది. నాలుగోదానికి చాప చింపుతుండగా డబ్బాలో జిగురు చిక్కబడి, పొగలు కక్కి, బ్రష్షుతో సహా రాయి అయిపోయింది.

లేచి వెళ్ళి కొత్త డబ్బా కలుపుకుని రావాలి. కింద పొరని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ మొదలెట్టాలి. గంటన్నర పని. ఆమె మెడ మండుతోంది, జేబులో ఓడ కదులుతోంది. పక్కవాడి డబ్బాలోంచి ఇంత జిగురు తీసి మూడు పొరల మీదే నున్నగా పూసేసింది. పైకి చూస్తే తేడా లేదు. ఎవరూ చూడలేదు. రెండ్రోజుల్లో పదమూడోది లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

అది వెళ్ళిన దగ్గర్నుంచి ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలడం మర్చిపోయేది. ఎడమ తలుపు కనిపించేది. దాని బరువు, మూడు పొరలు, రెండు బందులు, ఎనిమిది మరలు. ఇన్నేళ్ళలో ఏ పని వదిలినా వెనక్కి తిరిగి చూడాల్సినంత ఏదీ మిగిల్చి రాలేదు. డబ్బా మూత సరిగా పడకపోతే చేప కుళ్ళుతుంది, అంతే. ఇది అలా కాదు.

'కోబె పోతే తగ్గిపోతుందిలే,' అనుకుంది. ఆదివారం పొద్దున్నే మూట కట్టి, గది ఊడ్చి, ఒగుమాకి నాలుగు ముక్కల ఉత్తరం రాసిపెట్టి స్టేషనుకి వెళ్ళి టికెట్ కొనుక్కుంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఉంది, కూర్చోలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. మూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పడమటి రైలు వచ్చి, ఆగి, తలుపులు తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగి మోటారు కంపెనీ షెడ్డుకి వెళ్ళే బస్సు ఎక్కింది.

గేటు దగ్గర కాపలావాడు ఆదివారం ఎవరూ లేరన్నాడు. "సెనోగారు ఉంటారు," అందామె. "ఆయన మొహం చూస్తే ఆదివారాలు ఉన్నట్టు లేదు." కాపలావాడు నవ్వి లోపలికి ఫోను చేశాడు. నిజంగానే ఉన్నాడు.

సెనో చొక్కా చేతులు మడిచి, గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె మూట నేల మీద పెట్టి నడుం వంచింది, వంచి అలాగే ఉండి చెప్పింది.

"పదమూడో బండి ఎడమ తలుపు గుంజకి మూడు పొరలే వేశానండి. ఆరు వేయాలి. నేనే చేశాను. మేస్త్రిగారికి తెలీదు, ఎవరికీ తెలీదు."

ఆమె తలెత్తి చూస్తే ఆయన మొహంలో రక్తం లేదు.

"పదమూడోది ఎక్కడుందండి?"

"హకొనె కొండ మీద," అన్నాడు సెనో. "మునకాత తీసుకెళ్ళాడు పరీక్షకి. పొద్దున ఆరింటికి."

ఇద్దరూ ఆఫీసు ఫోను దగ్గరికి పరిగెత్తారు. కొండ మీద టీ దుకాణంలో ఫోను ఉంది, పరీక్షకి వెళ్ళినవాళ్ళు అక్కడ ఆగుతారు. లైను కలవడానికి పావుగంట పట్టింది. దుకాణం ఆవిడ గొంతు పక్కనున్న హిసానోకి కూడా వినిపించింది.

"తెల్లబండి ఆయనా? ఇందాకే టీ తాగి వెళ్ళారండి. అటువైపు తలుపు సరిగా పడక రెండుసార్లు గట్టిగా కొట్టారు పాపం."

ఇక చేసేదేమీ లేదు. ఎదురుచూడాలి.

సెనో గేటుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. హిసానో నూనె పీపా మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కాపలావాడు ఇద్దరికీ బార్లీ టీ ఇచ్చాడు, గ్లాసులు చేతుల్లోనే చల్లారిపోయాయి. రోడ్డు మీద ఏ మోటారు చప్పుడైనా ఇద్దరి తలలూ ఒక్కసారే తిరిగేవి. కూరగాయల మూడుచక్రాల బండి ఒకటి, పాలబండి ఒకటి, పెళ్ళివారి టాక్సీ ఒకటి వెళ్ళాయి.

"ఆ మూట ఏమిటి?" అని అడిగాడు సెనో, మధ్యలో.

"కోబె వెళ్తున్నానండి. వెళ్దామనుకున్నాను."

"చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటే?"

"ఈపాటికి రైల్లో ఉండేదాన్నండి."

"హాయిగానా?"

ఆమె మెడ గోక్కుంది, రక్తం వచ్చేదాకా. ఆయన జేబురుమాలు తీసి ఇచ్చి మళ్ళీ గేటువైపు నడిచాడు. "నా లోపమూ ఉంది," అన్నాడు అటు తిరిగే. "ఆ గుంజ దగ్గర నేను కొట్టి వినలేదు. ఆ రోజు వాన వస్తోందని తొందరగా వెళ్ళిపోయాను."

నాలుగు దాటాక వచ్చింది తెల్లబండి. నెమ్మదిగా, కుంటుతున్నట్టు. ఎడమ తలుపు మీదుగా లోపలికి తాడు వేసి, సీటు కింద నుంచి లాగి కట్టి ఉంది. బందుల చోట గుంజ చిరిగి గాజుపీచు బొచ్చులా బయటికి పొడుచుకొచ్చింది. మునకాత బండి ఆపి దిగాడు. నలభై ఏళ్ళవాడు, పోలీసు మోటారు సైకిళ్ళు నడిపి వచ్చినవాడు. గొంతు ఖంగుమంది.

"సెనో! ఇది కారా, కోళ్ళగంపా? దిగుడు మలుపులో తలుపు విమానం రెక్కలా లేచింది! కుడిచేత్తో స్టీరింగు, ఎడమచేత్తో తలుపు. మూడు మలుపులు! గేరెవడు మారుస్తాడు, మీ తాతా? చేతులు రెండే ఇచ్చాడు దేవుడు! ఎవడు కట్టాడు దీన్ని?"

"నేనండి," అంది హిసానో.

మునకాత ఆమెని చూశాడు, ఆమె మూటని చూశాడు. మగవాణ్ణి తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలేవీ ఈమెకి పట్టేలా లేవు.

"నువ్వా?"

"నేనేనండి. మూడు పొరలు తక్కువ వేశాను. తెలిసే వేశాను. చెప్పడానికి వచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు."

"తెలిసే!" అన్నాడతను. పీపా మీద కూలబడి బూటు విప్పి రాయి కోసం దులిపాడు. బూటులో రాయి లేదు. మళ్ళీ తొడుక్కున్నాడు. "నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారమ్మా. ఆ మూడు మలుపుల్లోనూ వాళ్ళ పేర్లు కూడా గుర్తురాలేదు. తలుపే గుర్తుంది." సెనోవైపు తిరిగాడు. "ఈవిడే బాగు చెయ్యాలి. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. బాగు చేశాక ఎడమ సీట్లో ఈవిడ కూర్చుంటేనే నేను కొండెక్కుతా. లేకపోతే నువ్వే నడుపుకో."

రెండు రోజులు పట్టింది. తలుపు ఊడదీసి, చిరిగిన మేర కోసి, లోపలినుంచి కొత్త పొరలు వేయాలి. కాళ్ళు పెట్టుకునే చోట తలకిందులుగా దూరి, పైకి చూస్తూ చేసింది. జిగురు జుట్టులో కారి గట్టిపడితే ముందువైపు కత్తిరించుకుంది. ఆరు వేయాల్సిన చోట ఎనిమిది వేసింది. వేసిన ప్రతి పొరా సెనోకి చూపించింది. ఆయన ప్రతిసారీ కణుపుతో కొట్టి విన్నాడు.

ఒగుమాకి కబురు అందింది. మంగళవారం తానే వచ్చాడు. ఆమె కాళ్ళు మాత్రమే బండిలోంచి బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాడు.

"నీ ఉత్తరం చదివాను."

"క్షమించండి మేస్త్రిగారూ."

"నోర్ముయ్. నాకు ఈ పని మళ్ళీ ఎవడిస్తాడు? తామెకిచి నీ కత్తీ బ్రష్షులూ కాలవలో పారేస్తానని లేచాడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తర్వాత తనే, ఎండ కాసిన రోజు మందు తగ్గించమని ఎవరికీ చెప్పనిది నేనేనని గుర్తు చేశాడు. ముసలాడి నోరు పాడుగాను. రేపొస్తావా, రావా?"

"రమ్మంటారా?"

"ఇంకా ఏడున్నాయి. చింపడం నీలా ఎవరికీ రాదు."

గురువారం కొండెక్కారు. టాపు లేని బండి, ఆకాశం నెత్తి మీదే ఉంది. కొత్త మోటారు చెవుల్లో గింగురుమంది. మలుపు మలుపుకీ దేవదారు చెట్లు మీద పడుతున్నట్టు వచ్చి తప్పుకున్నాయి. ఎటువైపో సరస్సు మెరిసింది. ఇలాంటి పరుగు కోసమే హిసానో జీవితమంతా మూటలు కట్టింది, విప్పింది. తీరా ఆ రోజు దానిలో ఏ ముక్కా ఆమెకి దక్కలేదు. కుడిచెయ్యి సీటు అంచు మీద, ఎడమచెయ్యి బందుల గుంజ మీద, చెవి మొత్తం అక్కడే. గుంజ కిర్రుమంటుందా? మర కదులుతుందా? దిగుడులో ఆ మూడు మలుపుల దగ్గర మునకాత కావాలనే వేగం పెంచాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. తలుపుకేసే చూసింది. తలుపు కదల్లేదు.

మళ్ళీ పైకి వచ్చి టీ దుకాణం ముందు ఆపాక ఆమె దిగి, దుకాణం వెనక్కి వెళ్ళి కక్కుకుని వచ్చింది. మునకాత వేడి టీ గ్లాసు చేతికిచ్చాడు.

"ఎలా ఉంది బండి?"

"ఏమీ చూడలేదండి."

"ఫుజి కొండ కూడా?"

"కనపడిందా?"

అతను మొదటిసారి నవ్వాడు. "బ్రహ్మాండంగా. సరే, తిరుగు దారిలో చూద్దువుగాని." తిరుగు దారిలో మబ్బు పట్టింది.

మిగిలిన ఏడూ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. శాంతించిందా అంటే లేదు. గుంజల దగ్గర పొరలు వేశాక లెక్కపెట్టేది, ఇంటికి సగం దారి వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ కొట్టి వినేది. తామెకిచి విసుక్కునేవాడు. "పొమ్మంటే పోవు, ఉండమంటే ఉన్నట్టుండవు. నీ ఒంట్లోంచి గాజుపీచు తియ్యాలంటే నిన్నే విప్పాలి పిల్లా!" కోబె ఓడల వాళ్ళు ఎవరినో తీసేసుకుని ఉంటారు. ఆమె ఆ సంగతి కనుక్కోనూ లేదు.

ఇరవయ్యోది శరత్కాలంలో, పెద్ద తుఫాను వెళ్ళిన వారానికి లారీ ఎక్కింది. తాళ్ళు కట్టాక ఒగుమా అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీయించాడు. ఎవరూ నవ్వలేదు, లారీ పొగ అందరి కళ్ళలో పడింది. ఆ సాయంత్రమే సెనో వచ్చి చెప్పాడు. బండి జనానికి నచ్చిందట, ఇంకా కావాలంటున్నారట. అందుకని ఇకమీదట ఇనప రేకుతోనే కొడతారట. అచ్చులు తయారవుతున్నాయి.

"అంటే మనం బాగా చేసినందుకు మన పని పోయిందన్నమాట," అన్నాడు తామెకిచి.

"అంతేనండి," అన్నాడు సెనో. ఎవరి మొహంలోకీ చూడలేకపోయాడు.

హిసానో పదేళ్ళుగా పనుల్ని తాను వదిలింది. ఒక పని తనని వదలడం అదే మొదలు. దానికి ఏ మొహం పెట్టాలో ఆమెకి తెలియలేదు. వెళ్ళి అచ్చుకి మైనం రుద్దడం మొదలెట్టింది. ఎవరో ఆపేదాకా రుద్దుతూనే ఉంది.

ఒగుమా స్నానం తొట్టెలు పోయడంలోకి దిగాడు. ఆమె మూడు నెలలు తొట్టెలు చేసి, ఈసారి ఉత్తరం రాయకుండా ఎదురుగా నిలబడి చెప్పి సెలవు తీసుకుంది. ఆయన నిట్టూర్చి, మిసాకిలో గాజుపీచు పడవలు కొత్తగా మొదలెట్టిన కామెయి అనే ఆయనకి సిఫార్సు చీటీ రాసిచ్చాడు. చీటీలో ఒకే వాక్యం ఉంది. "ఈమె తప్పు చేస్తే వచ్చి చెబుతుంది."

ఆ పడవల షెడ్డులో ఆమె ఇరవై మూడేళ్ళు పనిచేసింది. చేరిన పదో ఏట పెద్ద మేస్త్రి అయింది. సముద్రం మీదికి వెళ్ళే ప్రతి పడవ అడుగునా నీళ్ళలో దింపకముందు ఆమె పడుకుని కణుపుతో కొట్టి వినేది. బేస్తలు కట్టమీద పొగ తాగుతూ, తిట్టుకుంటూ కాచుకుని ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరు అడిగారని చెబుతారు. ఆ ఇద్దరూ ఆమె పడవల్లోనే వేటకి వెళ్ళేవారు.

షెడ్డు మారలేదు గాని ఇల్లు మాత్రం ఆ ఊళ్ళోనే పదకొండుసార్లు మారింది. రేవు పక్క సందు నుంచి గుడి వెనకాలకి, అక్కడినుంచి ముల్లంగి చేల గట్టుకి, మళ్ళీ రేవుకి. ప్రతిసారీ షెడ్డులోవాళ్ళే తోపుడు బండి మీద సామాను తోయాలి. పదకొండోసారి, ఎత్తు మీద బండి ఆపి చెమట తుడుచుకుంటూ ఒకతను అడిగేశాడు.

"మేస్త్రమ్మా, ఆ ఇంటికేం లోటు? ఎండొస్తుంది, గాలొస్తుంది, ఇంటివాళ్ళు మంచివాళ్ళు."

"లోటేమీ లేదు నాయనా," అంది హిసానో, వెనకనుంచి బండికి భుజం ఆనించి. "తోయి, తోయి. ఈ ఇల్లు ఎలా ఉంటుందో చూద్దాం."